చంపిన తర్వాతి కథ

1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. రెండేళ్లకు మళ్లీ సంక్రాంతికే, అదే దర్శకుడు బి. గోపాల్, అదే హీరో బాలకృష్ణతో ‘నరసింహనాయుడు’ వచ్చింది. 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’ ఒకదాని వెనక ఒకటి వరస కట్టాయి. కర్నూలు, కడప అన్న పేర్లు వినగానే బాంబులూ వేటకొడవళ్లూ గుర్తుకొచ్చేలా చేశాయని రాయలసీమవాళ్లు ఈ ఫ్యాక్షన్ సినిమాల మీద నొచ్చుకున్నారు, ఇప్పటికీ నొచ్చుకుంటున్నారు. ఆ నొప్పి న్యాయమైనదే. అంతకంటే లోతైన అన్యాయం వీటి కథ అల్లికలోనే ఉందని నా అభిప్రాయం. దాదాపు అన్నిటిదీ ఒకే అల్లిక. హీరో మొదట ఎక్కడో దూరాన, మరో పేరుతోనో మరో పనిలోనో కనిపిస్తాడు. సగం సినిమా అయ్యాక ఫ్లాష్‌బ్యాక్ తెరుచుకుంటుంది. అందులో అతని తండ్రో అన్నో భార్యో, ఒక్కోసారి ఇంటిల్లిపాదీ బలైపోతారు. ఆ దృశ్యం ఎంత క్రూరంగా ఉంటే, తర్వాత హీరో చేయబోయే హత్యలకు మన దగ్గర అంత అనుమతి దొరుకుతుంది. ఆఖరి శత్రువు కూలగానే సినిమా ముగుస్తుంది. పగకు కట్టాల్సిన ధరంతా హీరో ముందే కట్టేసినట్టు, ఆపైన అతను నరికేదంతా బాకీ వసూలు మాత్రమేనన్నట్టు లెక్క. ఆ లెక్క తప్పని నా వాదన. పగకు అసలు ధర చంపిన క్షణం తర్వాతే మొదలవుతుంది. దాన్ని ఎక్కువగా కట్టేది హీరో కానివాళ్లు. సినిమా సరిగ్గా ఆ ధర మొదలయ్యే చోట ఆగిపోతుంది.

ఊళ్లలో ఆ ధర ఎలా ఉంటుందో సీమలో తెలియనివాళ్లు తక్కువ. మనిషి దొరకని రాత్రి చెట్లు నరుకుతారు. చీనీ మొక్క నాటి కాపు చూడాలంటే ఐదారేళ్లు పడుతుంది. బోరు వేసి, అప్పు తెచ్చి, ఎండాకాలం ట్యాంకర్లతో నీళ్లు పోసి బతికించుకున్న తోట తెల్లారేసరికి మొదళ్లతో సహా నేల మీద ఉంటుంది. అవతలి వర్గానికి భయపడి సొంత చేలు బీడు పెట్టి, పట్నంలో అద్దె గదుల్లో ఏళ్లు గడిపిన కుటుంబాలున్నాయి. పడమటి కర్నూలులో, ఆలూరు, పత్తికొండ, ఆదోని వైపు, వాన దగా చేసిన ఏడాది పేద కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతకో పత్తి తీతకో సుగ్గికి పోతాయి. ఇంటి మగాడు జైల్లో ఉన్నా, మంచాన పడి ఉన్నా, చచ్చినా, ఆ సుగ్గికి ఆడమనిషి పిల్లల్ని వెంటేసుకుని పోవాలి. పిల్లల బడి అక్కడితో తెగుతుంది. ఇక కేసులు. ఒక హత్య కేసులో ఇరవై, ముప్పై పేర్లు ఇరికించడం ఫ్యాక్షన్ ఊళ్లలో మామూలు. వాయిదా వాయిదాకీ కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని కోర్టుకు పోయేవాడు నాయకుడి ఇంట్లో పుట్టినవాడు కాదు. బోయ పిల్లవాడో, దళితుడో, రెండెకరాల మెట్ట ఉన్న చిన్న రైతో అయి ఉంటాడు. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ల అనే ఊరుంది. 2008 మేలో ఆ ఊరి నాయకుడు వెంకటప్ప నాయుడితో పాటు ఆయన వెంట ఉన్న పదిమంది ప్రత్యర్థుల దాడిలో చనిపోయారు. పదకొండు చావుల్లో లోకం గుర్తుపెట్టుకున్న పేరు ఒక్కటే. 2014లో కోర్టు ఆ కేసులో యావజ్జీవ శిక్షలు వేసింది. అంటే ఇటు చనిపోయినవాళ్ల ఇళ్లు, అటు శిక్ష పడినవాళ్ల ఇళ్లు, రెండు వైపులా మగదిక్కు లేనివయ్యాయి. తర్వాత జిల్లా ఎస్పీగా ఉన్న ఆకే రవికృష్ణ ఆ ఊరిని దత్తత తీసుకున్నారు. నేరం రుజువై శిక్ష పడ్డాక కూడా ఒక పోలీసు అధికారి ఊరిని దగ్గరకు తీసుకుని బాగు చేయాల్సి వచ్చిందంటే, హత్యతోనే కాదు, శిక్షతో కూడా తీరనిదేదో అక్కడ మిగిలిపోయిందన్నమాట.

ఈ మిగిలిపోయినవాళ్లు సినిమాల్లో అసలు లేరని అనను. ఉన్నారు, గుంపుగా ఉన్నారు. ‘నరసింహనాయుడు’లో ఒక ఘట్టం గుర్తుచేసుకోండి. ఊరిని కాపాడుకోవడానికి ఇంటికొక మగబిడ్డను ఇవ్వమని హీరో తండ్రి ఊరివాళ్లను అడుగుతాడు. ముందు తన బిడ్డనే ఇస్తాడు. ఆ దృశ్యం చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, త్యాగం అనిపిస్తుంది. కానీ ఇంటికొకరు చొప్పున ఇచ్చిన ఆ పిల్లల్లో కథకు కావలసినవాడు ఒక్కడే. మిగతావాళ్లు ఏమయ్యారు? ఎవరి తల్లి ఎన్నాళ్లు ఏడ్చింది? ఎవరి ఇంట్లో అప్పు ఎవరు తీర్చారు? సినిమాకు ఆ ప్రశ్నలు అక్కర్లేదు. ప్రాణాన్ని ఇంటిపన్నులా వసూలు చేసి, దానికి త్యాగమని పేరు పెట్టినప్పుడు, ఆ పన్ను కట్టినవాళ్లకు కనీసం తెర మీద ఒక చావైనా దక్కాలి. అదీ దక్కదు. సుమో గాల్లోకి లేచినప్పుడు లోపల ఉన్నవాళ్లకు ముఖాలుండవు. ధర్మం పేరుతో నడిచే కథకు ఇది చిన్న లోపం కాదు. ఎవరి ప్రాణం లెక్కకు వస్తుందో, ఎవరిది రాదో తేల్చిన తర్వాతే అక్కడ ధర్మం మాట మొదలవుతోంది.

సమరసింహుడు, నరసింహుడు, సీమసింహం: ఈ హీరోల పేర్లలో సింహం ఊరికే వచ్చి కూర్చోలేదు. మొన్నటిదాకా కర్నూలు జిల్లాలో ఉండి 2022లో నంద్యాల జిల్లాలోకి వెళ్లిన అహోబిలం నరసింహుడి క్షేత్రం. స్తంభం చీల్చుకుని వచ్చి దుర్మార్గుడి పొట్ట చీల్చిన దేవుడి ఛాయ ఈ హీరోల మీద పడేలా దర్శకులు జాగ్రత్తపడతారు. దుష్టుణ్ణి దేవుడే చంపాడు, హీరో చంపితే తప్పేమిటన్నది వాళ్ల అంతరార్థం. ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఇది భక్తి నుంచి బలం తెచ్చుకుంటోంది. అయితే ఆ పురాణాన్ని చివరిదాకా చదవాలి. భాగవతం ఏడో స్కంధంలో హిరణ్యకశిపుడు చచ్చాక కథ ముగియదు. అక్కడ కొత్త సంకటం మొదలవుతుంది. దుష్టుడు పోయినా ఉగ్రం పోదు. దేవతలు దూరం నుంచి స్తోత్రాలు చేస్తారు గానీ దగ్గరికి రాలేరు. లక్ష్మీదేవి కూడా జంకుతుంది. చివరికి బ్రహ్మ పంపేది ఎవరిని? చనిపోయినవాడి కొడుకుని. తండ్రి నెత్తురు ఇంకా ఆరని ఆ చేతిని ప్రహ్లాదుడు తల మీద పెట్టించుకుంటాడు. తర్వాత అతను అడిగేది తన మీద విషప్రయోగాలు చేయించిన, కొండల మీంచి తోయించిన తండ్రి పాపం పోవాలని. ఇరవై ఒక్క తరాలతో సహా నీ తండ్రి పవిత్రుడయ్యాడని స్వామి చెబుతాడు, వెళ్లి తండ్రికి ఉత్తరక్రియలు చేయమంటాడు. శత్రువు ఇంట ఉత్తరక్రియలు జరగాలని చంపినవాడే చెప్పే పురాణం ఇది. శత్రువు శవాన్ని ఊళ్లోకి రానివ్వని ఫ్యాక్షన్‌కూ, శవం మీంచి నడిచొచ్చే హీరోకూ ఈ దేవుడితో ఏ చుట్టరికమూ కనబడదు.

దాని కొనసాగింపు పదో స్కంధంలో ఉంది. బాణాసురుడు ప్రహ్లాదుడి వంశంవాడు. కృష్ణుడు అతనితో యుద్ధం చేసి, చేతులు నరికి కూడా ప్రాణం తీయడు. నీ వంశంవాళ్లను చంపనని ప్రహ్లాదుడికి మాటిచ్చానంటాడు. వంశం లేకుండా చేస్తానన్న మాట ఫ్యాక్షన్ సినిమాల్లో ఎన్నిసార్లు వినబడిందో లెక్కలేదు. హీరో నోట వచ్చినప్పుడు దానికి థియేటర్లో ఈలలు పడ్డాయి. భాగవతంలో దేవుడు తన శత్రువు కొడుక్కి ఇచ్చిన మాట సరిగ్గా దానికి తలకిందులు. అహోబిలంలో స్థానికంగా చెప్పుకునే కథ ఇంకా ముందుకు పోతుంది. నల్లమలలో తిరుగుతున్న ఆ ఉగ్రమూర్తి చల్లబడింది చెంచులక్ష్మి దగ్గర. కనుమతో మొదలై దాదాపు నలభై రోజులు సాగే పారువేటలో స్వామి పల్లకీలో ఊరూరూ తిరుగుతాడు, తన పెళ్లికి జనాన్ని తానే పిలుస్తాడు. ఈ నేల తన ఉగ్రదైవాన్ని పెళ్లికొడుకును చేసి ఊళ్లు తిప్పుకుంటే, సినిమా ఆ దైవం జీవితంలోంచి ఒక్క సాయంత్రాన్ని కత్తిరించి తీసుకుంది.

పగ గురించి భాగవతంలో ఇంతకంటే కష్టమైన ఘట్టం మొదటి స్కంధంలో ఉంది. భాగవతాన్ని తెలుగు చేసిన పోతన మావాడేనని ఒంటిమిట్టవాళ్లు, కాదు మావాడని ఓరుగల్లువాళ్లు చాలాకాలం వాదించుకున్నారు. ఎవరివాడైనా ఆ ఘట్టాన్ని తెలుగువాళ్లందరికీ ఇచ్చాడు. నిద్రపోతున్న ఉపపాండవుల్ని అశ్వత్థామ చంపుతాడు. అర్జునుడు అతన్ని పశువులా కట్టి ద్రౌపది ముందుకు తెస్తాడు. ఐదుగురు కొడుకులు పోయిన తల్లి ముందు హంతకుడు కట్లతో నిలబడి ఉన్నాడు. ఏ ఫ్యాక్షన్ సినిమా ఫ్లాష్‌బ్యాకూ ఇంతకు మించిన అనుమతి ఇవ్వలేదు. ద్రౌపది అతన్ని నిలదీస్తుంది, పసివాళ్లను చంపడానికి చేతులెలా వచ్చాయని అడుగుతుంది. ఆ తర్వాత విడిచిపెట్టమంటుంది. నాలాగే ఇతని తల్లి కృపి ఏడవకూడదంటుంది. భీముడు ఒప్పుకోడు. చివరికి తలమణి తీసి, జుట్టు గొరిగి, వెళ్లగొడతారు. శిక్ష లేకుండా పోలేదు. ప్రాణం మాత్రం పోలేదు. ఇదే కథ భారతం సౌప్తికపర్వంలో మరోలా ఉంటుందని గుర్తుచేసేవాళ్లున్నారు. అక్కడ ద్రౌపది అశ్వత్థామ ప్రాణం కోరి నిరాహారంగా కూర్చుంటుంది. నిజమే. పగ సహజమని, అది తల్లికి కూడా కలుగుతుందని భారతం ఒప్పుకుంది. అందుకే భాగవతంలోని ద్రౌపది గాజుబొమ్మ కాదు. ఏ కోపాన్ని దాటి ఆ మాట అందో మనకు తెలుసు. గురుపుత్రుడని, బ్రాహ్మణుడని వదిలేసింది గానీ ఇంకొకడైతే వదిలేదా అని మరో ఆక్షేపణ. అదీ నిజాయితీ గల ఆక్షేపణే. ఆమె చెప్పిన కారణాల్లో గురుపుత్రుడన్నది ఉంది. అది ఆనాటి కులమర్యాద, దాన్ని సమర్థించాల్సిన పని లేదు. కానీ కృపి ఏడుపు గురించి చెప్పిన కారణం ఏ కులానికీ కట్టుబడింది కాదు. హంతకుడికి కూడా ఒక తల్లి ఉంటుందన్న మాట కప్పట్రాళ్లలో ఎంత నిజమో కురుక్షేత్రంలోనూ అంతే నిజం.

కురుక్షేత్రం మాట వచ్చింది కనుక పెద్ద ఆక్షేపణ అక్కడే ఎదురవుతుంది. కృష్ణుడే దగ్గరుండి యుద్ధం చేయించాడు, గీత చెప్పి మరీ చేయించాడు, ఆయుధం పట్టడం అధర్మమైతే భారతం ఎలా నిలుస్తుందని అడుగుతారు. భారతం యుద్ధాన్ని ఒప్పుకుంది, కానీ ఉచితంగా ఒప్పుకోలేదు. విరాటపర్వం నుంచి చివరిదాకా తెలుగు చేసిన తిక్కన యుద్ధపర్వాలు రాసిన చేత్తోనే స్త్రీపర్వమూ రాశాడు. గెలిచినవాళ్లు అక్కడ ఊరేగరు. గాంధారి కొడుకుల శవాల మధ్య తిరుగుతూ కృష్ణుణ్ణి నిలబెట్టి శపిస్తుంది, ఆయన దాన్ని కాదనడు. తర్పణాలు విడిచే వేళ కుంతి నోరు విప్పి కర్ణుడు మీ అన్న అంటుంది. ధర్మం కోసం యుద్ధం చేశాననుకున్న ధర్మరాజు, తాము చంపింది తోడబుట్టినవాణ్ణని అప్పుడు వింటాడు. రాజ్యం వద్దంటాడు. అతన్ని సింహాసనం దగ్గరికి తేవడానికి శాంతిపర్వమంత ఓదార్పు కావలసి వచ్చింది. ఫ్యాక్షన్ ఊళ్లలో రెండు వర్గాల పెద్దలూ చాలాసార్లు ఒకే కులం, మామా అల్లుళ్ల వరసలు, ఒకప్పుడు పిల్లనిచ్చి పుచ్చుకున్న ఇళ్లు. తెలిసి చంపుకున్నారన్న తేడా తప్ప కర్ణుడి కథ అక్కడ కొత్తదేమీ కాదు. భారతాన్ని తోడు తెచ్చుకునే సినిమా పద్దెనిమిది పర్వాల్లో యుద్ధం వరకే తెచ్చుకుని, ఆ తర్వాతవన్నీ వదిలేయడానికి దానికి హక్కు లేదు.

ఇక్కడిదాకా ఒప్పుకున్నవాళ్లు కూడా ఒకచోట ఆగుతారు. చట్టం చేతులెత్తేసినప్పుడు ఏం చేయాలి? చంపినవాడు ఊళ్లో మీసం మెలేసి తిరుగుతుంటే, పోయినవాడి తమ్ముణ్ణి క్షమించమని చెప్పడానికి మనమెవరం? నాకు అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇదే. క్షమ అనేది దెబ్బ తిన్నవాళ్లు తమంతట తాము ఇవ్వవలసిందే గానీ బయటివాళ్లు వాళ్ల మీద రుద్దేది కాదు. మీదికొచ్చినవాణ్ణి అడ్డుకోవడం, ప్రాణం కాపాడుకోవడం పగ కాదు. కానీ చట్టం అందని మనిషి కోపాన్ని ఈ సినిమాలు నిజంగా వినిపించాయా? 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని ఊచకోత కోశారు. పగకు అంతకంటే కారణమున్నవాళ్లు తెలుగునేల మీద అరుదు. వాళ్లు అడిగింది తమ ఊళ్లోనే కోర్టు పెట్టమని. ఏళ్ల పోరాటం తర్వాత పెట్టారు. 2007లో ఆ ప్రత్యేక కోర్టు యావజ్జీవ శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. చట్టం ఓడించడమంటే అదీ. అయినా వాళ్లు వేటకొడవలి పట్టలేదు, మళ్లీ కోర్టుకే వెళ్లారు. వాళ్ల మీద ఏ సంక్రాంతి సినిమా వచ్చింది? తెర మీద చట్టాన్ని నమ్మక కత్తి పట్టేవాడు వందల ఎకరాల భూస్వామి. కోట లాంటి ఇల్లు, వాకిట్లో బండ్ల బారు, చుట్టూ చేతులు కట్టుకున్న జనం అతని ఆస్తి. అసలు సీమలో చట్టం పనిచేయకుండా చేసిందెవరు? సాక్షుల్ని భయపెట్టి మాట మార్పించినవాళ్లు, పోలింగ్ ఏజెంట్లను బూత్‌ల నుంచి తరిమి ఓట్లు గుద్దుకున్నవాళ్లు, కాంట్రాక్టు పనులకు పోటీ టెండరు వేయనివ్వనివాళ్లు. ఫ్యాక్షన్ పాళెగాళ్ల నాటి నుంచీ సీమ రక్తంలో ఉందనే మాట కూడా వాళ్లకే లాభం. 1800లో సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక దాని అధికారి మన్రో పాళెగాళ్లను అణచివేశాడు, ఇప్పటి ఫ్యాక్షన్ బతికేది పంచాయతీ నిధుల మీద, గనుల మీద, ఎన్నికల మీద. చట్టాన్ని పడుకోబెట్టినవాళ్లే చట్టం పడుకుందన్న సాకుతో కత్తి పట్టడం నైతికంగా నిలిచే వాదన కాదు.

సినిమాను సినిమాగా చూడాలి, అది చూసి ఎవరూ కత్తి పట్టరని చివరి అభ్యంతరం. సినిమాలు ఫ్యాక్షన్‌ను పుట్టించాయని నేనూ అనడం లేదు. ఫ్యాక్షన్ వాటికి ముందునుంచీ ఉంది. కానీ రెండిటి మధ్య గోడ మనం అనుకున్నంత మందం కాదు. 1997 నవంబరు 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలింది. అనంతపురం ఫ్యాక్షన్ పగలో అది అక్కడి నాయకుడు పరిటాల రవి కోసం పెట్టిన బాంబు. ఆయన తండ్రి శ్రీరాములు కథతో తీయబోతున్న ‘శ్రీరాములయ్య’ ముహూర్తం అయిన కాసేపటికి పేలింది. ఆయన గాయాలతో బతికారు. 26 మంది చనిపోయారు, వాళ్లలో ముహూర్తాన్ని కెమెరాతో తీయడానికి వచ్చిన ఈటీవీ సిబ్బంది ఉన్నారు. వాళ్లకు ఏ వర్గంతో ఏ సంబంధం? 2005 జనవరిలో రవినీ చంపారు. 2010లో పరిటాల, మద్దెలచెరువు కుటుంబాల పగను రాంగోపాల్ వర్మ ‘రక్తచరిత్ర’గా రెండు భాగాలు తీశారు. రెండో భాగం డిసెంబరులో వచ్చింది, ఆ వెంటనే జనవరి 3న రవి ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి హత్యకు గురయ్యారు. చంపింది శత్రువు కాదు, వెంట తిరిగిన అనుచరుడేనని కోర్టు తేల్చింది. సినిమా ముగిసిందనుకున్న చోట కథ ఆగలేదు, అది ఎటు పోతుందో ఏ రచయితా ఊహించనూ లేదు. సినిమా చేసే పని కత్తి అందించడం కాదని ఒప్పుకుందాం. అది చేసేది ఇంకోటి: ఏ చావుకు ఏడవాలో, ఏ చావుకు ఈల వేయాలో రెండున్నర గంటలు అలవాటు చేయడం. సంక్రాంతి తర్వాత సంక్రాంతి, ఒక తరానికి అలా అలవాటైంది.

ధరను లెక్కలోకి తెచ్చిన సినిమాలు లేకపోలేదు. 1998లోనే కృష్ణవంశీ ‘అంతఃపురం’ తీశారు. విదేశం నుంచి మొగుడితో అత్తవారింటికి వచ్చిన అమ్మాయికి మొగుడు దక్కడు. మామ మనవణ్ణి వారసుడిగా పెంచుకోవాలంటాడు, ఆమె బిడ్డను ఎత్తుకుని పారిపోతుంది. ప్రకాష్‌రాజ్ వేసిన ఆ మామ దుర్మార్గుడు కాడు, మనవణ్ణి ప్రాణంగా చూసుకుంటాడు. అతని ప్రేమే పిల్లవాడికి ప్రమాదం. పగ తర్వాతి తరాన్ని ఎలా ఒడిలో కూర్చోబెట్టుకుని పెంచుతుందో దానంత స్పష్టంగా చూపిన తెలుగు సినిమా నేను చూడలేదు. 2018లో త్రివిక్రమ్ ‘అరవింద సమేత వీరరాఘవ’ మామూలుగా ఆఖరున వచ్చే నరుకుడును మొదట్లోనే పెట్టి, ఆ తర్వాత ఏమిటని అడిగింది. గెలిచి వచ్చిన మనవడితో జేజి కత్తి దింపే మాటే చెబుతుంది. హీరో ఆ మాటను నెత్తిన పెట్టుకుని ఊరు విడుస్తాడు. అయినా ఆఖరుకు శత్రువు బసిరెడ్డిని హీరో వీరరాఘవుడే చంపుతాడు, మళ్లీ మనం ఊపిరి పీల్చుకుంటాం. రెండు గంటలు వాదించి గెలిచిన మాటను చివరి పది నిమిషాల్లో కథ వదిలేసుకుంది. శత్రువు మారకపోతే చంపక తప్పదన్న పాత వాదనకే తిరిగి తలుపు తెరిచింది. ఇది అభిమానుల కోసం చేసిన సర్దుబాటే కావచ్చు. కానీ ఆ సినిమాను జనం ఆదరించింది జేజి మాటలతో సహా. అవి వచ్చినప్పుడు లేచి పోలేదు.

ఈ రెండు సినిమాల్లోనూ ఏడ్చేది నాయకుడి ఇంటి ఆడవాళ్లే. కోడలు, జేజి, తల్లి, వాళ్ల దుఃఖం నిజమైనదే. వాళ్లకు కనీసం ఆ ఇల్లు మిగులుతుంది, ఎన్నికలొస్తే పోయినవాడి సీటు మిగులుతుంది. నాయకుడి వెంట పోయి చచ్చిన పదిమంది ఇళ్లకు ఏం మిగులుతుందో ఎవరూ తీసినట్టు నేను చూడలేదు. ఆ కథలో సుమో డ్రైవరు భార్య ఉంటుంది, నిందితుల జాబితాలో ఏ21గా పేరెక్కి పన్నెండేళ్లు వాయిదాలకు తిరిగిన కూలివాడు ఉంటాడు, రెండు వర్గాల పెద్దలూ రాజీపడి ఒకే పార్టీ కండువా కప్పుకున్న రోజు టీవీలో ఆ ఫొటో చూసిన, కాలు పోయిన మనిషి ఉంటాడు. పెద్దలు రాజీ పడటం మంచిదే, ఆ రాజీ లేకపోతే ఇంకా చావులుండేవి. ఆ మనిషి మాత్రం లేచి వాళ్లను ఒక మాట అడగాలి: ఇంత తేలిగ్గా కలవగలిగినవాళ్లు అప్పుడే ఎందుకు కలవలేదు?